ఇరవై నాలుగు చుక్కలు

జనవరి 11

పిడుగూ,

ఇక్కడ నేను క్షేమం. నీ క్షేమం తర్వాత అడుగుతాను, ముందు మా దొరసాని ఎలా చేరిందో చెప్పు.

నిన్న మధ్యాహ్నం లారీ ఎక్కించాం. నలుగురు మగాళ్ళు తోసినా అంగుళం కదిలితే ఒట్టు. చివరికి నేనే వెళ్ళి తలుపు మీద రెండు దెబ్బలు తట్టి, "పదవే, మన మేనకోడలి దగ్గరికేగా" అన్నాను. వయ్యారంగా కదిలింది. తలుపు తట్టినప్పుడే హ్యాండ్‌బ్రేక్ కూడా దించాననుకో, అది వేరే సంగతి. లారీ వాడు మాత్రం నన్ను మంత్రగాణ్ణి చూసినట్టు చూశాడు.

షెడ్డు ఖాళీ చేసేశాను. ముప్పై ఎనిమిదేళ్ళ స్పానర్లు, జాకీలు ఎవరికి కావాల్సినవి వాళ్ళు పట్టుకెళ్ళారు. నాకు మేడ మీద రెండు గదులు, ఒక కిటికీ, ఒక కుర్చీ చాలు. కారు మటుకు పరాయివాళ్ళకి ఇవ్వబుద్ధి కాలేదు. మీ అత్తయ్యా నేనూ రెండేళ్ళ ఆదివారాలన్నీ పోసి ట్రాక్ మీద పందేనికి తయారుచేసిన బండి. ఇంకో నెలలో పందెం అనగా ఆవిడ మంచాన పడింది, మళ్ళీ లేవలేదు. పదకొండేళ్ళు టార్పాలిన్ కింద ఉంది. నీకు ఏడేళ్ళప్పుడు నా ఒళ్ళో కూర్చుని స్టీరింగ్ పట్టుకుని "ఇది నాది" అని ఇల్లెగిరిపోయేలా ఏడ్చావు. తీసుకో, నీదే. ఒకటే షరతు. అమ్మెయ్యకు, దాచకు, ట్రాక్ మీద తిప్పు.

ఇంజను పని అయిపోయింది. లోపల ఇనుప పంజరం కూడా బిగించేశాం. బండి పల్టీ కొట్టినా నడిపేవాళ్ళ మీద కప్పు కూలకుండా ఆపేది అదే. "పంజరం లేకపోతే పందెమూ లేదు, పెళ్ళామూ లేదు" అని మీ అత్తయ్య తేల్చి చెప్పింది. మొత్తం ఇరవై నాలుగు బోల్టులు. ఒక్కోదాని మీద ఎర్ర చుక్క ఉంటుంది, సగం బోల్టు తల మీద, సగం పక్కన రేకు మీద. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా చుక్క రెండుగా చీలిపోతుంది. చుక్క ఉందంటే బిగించినట్టే. దాని జోలికి వెళ్ళకు. మా షెడ్డు చట్టం అది. బ్రేకులు, పెట్రోలు గొట్టాలు, సీటు, టైర్లు నీ వంతు.

ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు సగం చెప్తే సగం నేను కల్పించుకుంటాను. ఉత్తరం రాయి.

నీ చెవిటి మామయ్య


జనవరి 20

చెవిటి మామయ్యకి,

నీ దొరసాని వేంచేసింది. లారీ దిగగానే ముందు టైర్లు రెండూ ఉస్సుమని కూలబడ్డాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు నా వైపు జాలిగా చూశారు.

టైర్ల దుకాణం ఆవిడ తన షెడ్డులో ఒక మూల ఇచ్చింది. ఊరంతా ఆవిణ్ణి టైరమ్మ అంటారు. లారీ టైరుని పిల్లిపిల్లలా ఎత్తి పక్కన పెడుతుంది. కారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి "ఇది పరిగెత్తుతుందా?" అంది. "మా మామయ్య చెప్పాడు" అన్నాను. "ఆయన కళ్ళజోడు పెట్టుకుంటాడా?" అంది.

ఎయిర్ ఫిల్టర్ విప్పితే లోపల ఎలుక కాపురం! నీ పాత క్యాలెండర్ కాగితాలు చింపి మెత్తగా పరుపు వేసుకుంది. అమ్మా, నాన్నా, ఐదుగురు పిల్లలు. అట్టపెట్టెలోకి మార్చి వెనక ఖాళీ స్థలంలో వదిలిపెట్టాను.

అమ్మకి చెప్పలేదు. ఆదివారాలు కుట్టు నేర్చుకుంటున్నానని చెప్పాను. మొన్న నా గోళ్ళలో గ్రీజు చూసి "ఏం కుడుతున్నారే అక్కడ, గోనెసంచులా?" అంది.

నువ్వు అడగలేదు కానీ నాకెందుకీ పిచ్చో చెప్తాను. తొమ్మిదేళ్ళుగా అంబులెన్సు నడుపుతున్నాను. నేను వేగంగా వెళ్ళిన ప్రతిసారీ వెనక ఎవరో ఒకరు పడుకుని ఉన్నారు. నాకు వేగమంటే ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని, అంతే. ఒక్కసారి వెనక ఎవరూ లేకుండా, ఊరికే, నా కోసం నేను వేగంగా వెళ్ళాలని ఉంది మామయ్యా. నాలాంటి సరదా రాయుళ్ళ కోసం ఏప్రిల్ 26న, విమానాల పాత రన్‌వే మీద పందెం పెడుతున్నారు. పేరు ఇచ్చేశాను.

అన్నట్టు మా డిపోలోనూ ఒక చట్టం ఉంది. బండి ఎవరు అప్పజెప్పినా, ఎంత నమ్మకస్తులైనా, ఎక్కేముందు అన్నీ మనమే తడిమి చూసుకోవాలి. నమ్మకం వేరు, చూసుకోవడం వేరు. నీ చట్టానికీ నా చట్టానికీ ఎక్కడో చుక్కెదురయ్యేట్టుంది.

గోనెసంచులు కుట్టే,
పిడుగు


జనవరి 29

ఏమే పిడుగూ,

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళ గురించి విన్నాను. ఇంజను తవ్వి ఏకంగా కాపురాన్నే పట్టినదానివి నువ్వే. పాపం వాటి ఇల్లు కూల్చావు, పోనీలే, అట్టపెట్టె అయినా ఇచ్చావు.

ట్యాంకులో పదకొండేళ్ళ నాటి పెట్రోలు బంకలా మారి ఉంటుంది. మొత్తం పారబోసి, ట్యాంకు దించి కడుగు. కార్బురేటర్ విప్పినప్పుడు ఏ ముక్క ఎక్కణ్ణించి వచ్చిందో వరసలో పేర్చుకో. నీకు చిన్నప్పట్నుంచీ విప్పడం వచ్చు, పెట్టడం రాదు. బ్రేకు గొట్టాలు నాలుగూ మార్చు. పాత రబ్బరు పైకి బాగానే కనపడుతుంది, నాలాగా. లోపలంతా బీటలే. ఇంకో మాట. ఏ బండిలోనైనా ఎవరో సగంలో వదిలేసిన పని కనపడితే, ఎందుకు వదిలేశారో తెలుసుకోకుండా చెయ్యి పెట్టకు. తెలిసి వదిలేసింది ఉంటుంది, తెలియక వదిలేసింది ఉంటుంది.

తాళం పెట్టి ముందు ఎడమకి తిప్పు. ఆగు. ఒకసారి ఊపిరి తీసుకో. అప్పుడు కుడికి. తొందరపడితే పలకదు. ఆ పేరు దానికి మీ అత్తయ్య ఊరికే పెట్టలేదు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటుంది. మొన్న కుళాయి కట్టెయ్యకుండా కుర్చీలో కూర్చున్నాను. కింది వాటాలో టైలరు గది మడుగైంది. ఆయన కుట్టిన చొక్కాలు మూడు మెట్ల మీద ఆరేసుకుంటూ నన్ను చూసిన చూపు ఉంది చూశావూ! మంచి మనిషి, తిట్టలేదు. తిట్టినా నాకు వినపడేది కాదనుకో.

టైరమ్మకి చెప్పు, కళ్ళజోడు పెట్టుకుంటాను, కానీ కారు చూసేటప్పుడు తీసేస్తాను.

నీ మామయ్య


ఫిబ్రవరి 14

మామయ్యకి,

పలికింది! నిన్న పదకొండు గంటలకి దొరసాని పలికింది!

ఎడమకి, ఆగి, ఊపిరి తీసుకుని, కుడికి. మొదటిసారి దగ్గింది. రెండోసారి టైరమ్మ మొహం నిండా నల్లటి పొగ ఊదింది. మూడోసారి అందుకుంది చూడు, షెడ్డు రేకులన్నీ గలగలలాడిపోయాయి. టైరమ్మ మసిమొహంతో నన్ను కౌగిలించుకుని గిరగిరా తిప్పింది. పక్కటెముకలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. నాకు ముందు నీకే చెప్పాలనిపించి ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. తర్వాత నీ చెవులు గుర్తొచ్చాయి.

బ్రేకులు అయ్యాయి. సీటు వచ్చే వారం వస్తుంది.

మామయ్యా, ఊరికే అడుగుతున్నాను. క్యాలెండర్ చూడకుండా చెప్పు, ఈ రోజు ఏ వారం? నిన్న పొద్దున ఏం తిన్నావు? మనింటి పాత గుమ్మం రంగు ఏంటి? వంద నుంచి ఏడేసి చొప్పున వెనక్కి లెక్కపెట్టగలవా? మా డిపోలో ఒకామె ఇలాంటి ప్రశ్నల కాగితం ఇచ్చింది, సరదాగా ఉంటే పంపుతున్నాను.

కుళాయి మర్చిపోవడం అదొక్కసారేనా, ఇంకా ఏమైనా జరిగాయా?

ఇంకోటి. ఆ ఎర్ర చుక్క పెట్టేది బోల్టు బిగించాకా, ముందా? ఎప్పుడైనా ముందు పెట్టేసి, తర్వాత బిగిద్దాంలే అనుకోవడం ఉంటుందా?

పొగచూరిన,
నీ పిడుగు


ఫిబ్రవరి 22

పిడుగూ,

పలికిందన్న మాట చదివి కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. కళ్ళు తుడుచుకున్నాను, దాచడమెందుకు. కింద టైలరు చూసి, మళ్ళీ కుళాయి వదిలేశానేమో అని పైకి పరిగెత్తుకొచ్చాడు.

ఇక నీ పరీక్ష. ఈ రోజు ఏ వారం అంటావా? నేను రాసే రోజా, నువ్వు చదివే రోజా? నేను రాసేది ఆదివారం. నువ్వు చదివేది తపాలా వాడి దయ. నిన్న పొద్దున రొట్టె, గుడ్డు. గుమ్మం పచ్చరంగు, కింద ఎడమ పక్కన నువ్వు మేకుతో గీకిన గుర్రం బొమ్మ ఉండేది, గుర్రానికి ఐదు కాళ్ళు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు. ఇంకా కావాలా? ఈ పరీక్ష నీకు ఇస్తే నువ్వు పాసవుతావా?

నాకు తిక్క రేగింది మటుకు ఆఖరి ప్రశ్నకి. చుక్క బిగించాకే పెడతారు. బిగించాక, ఇంకోసారి లాగి చూశాక. ముందు పెట్టేసి తర్వాత బిగించడం అనేది మా షెడ్డులో పుట్టలేదు, పెరగలేదు. నీకీ అనుమానం ఎందుకొచ్చింది? నా చేతి పని చూసి ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కడూ వేలెత్తి చూపలేదు.

నీ పాసైన మామయ్య


మార్చి 8

మామయ్యకి,

కోపం తెచ్చుకోకు. ఊరికే అడిగాను.

పనులు బాగా జరుగుతున్నాయి. సీటు బిగించాను, బెల్టులు వచ్చాయి. పంజరం బోల్టులు టైరమ్మా నేనూ కూర్చుని బిగువు కొలిచే రెంచితో ఒక్కోటీ చూశాం. పాత చుక్కలు వెలిసిపోయి ఉన్నాయని థిన్నరుతో తుడిచేసి కొత్తగా పసుపు రంగు పెట్టాం. తనిఖీ వాళ్ళకి దూరం నుంచి కూడా కనపడుతుంది.

నిన్న అమ్మతో మాట్లాడాను. ఒకసారి నిన్ను మంచి డాక్టరుకి చూపిస్తే తప్పేముంది? చెవులు చూపించినట్టూ ఉంటుంది, మిగతావీ చూస్తారు. కొన్నాళ్ళు అమ్మ దగ్గరుండు. కింది గది ఖాళీయే కదా. మెట్లు ఎక్కక్కర్లేదు, కుళాయి సంగతి అమ్మ చూసుకుంటుంది. నువ్వొక్కడివే అక్కడ ఉంటే నాకు డ్యూటీలో కూడా మనసు మనసులో ఉండటం లేదు. నీ వయసు వాళ్ళ కోసం పిలుపు వచ్చిందంటే చాలు, నువ్వే గుర్తొస్తున్నావు.

ప్రేమతో,
నీ పిడుగు


మార్చి 15

అమ్మాయికి,

ఉత్తరం అందింది.

మీ అమ్మా నువ్వూ ఏం కూడబలుక్కున్నారో అర్థమైంది. ఆ ప్రశ్నలెందుకో కూడా అర్థమైంది. నా ఇల్లు నాకుంది. నేను ఎక్కడికీ రాను.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. నువ్వు తుడిచేసిన ఎర్ర రంగు దుకాణంలో కొన్న పెయింటు కాదు. మీ అత్తయ్య గోళ్ళ రంగు. చుక్కలు పెట్టింది నేను కాదు, ఆవిడ. ప్రతి చుక్కా ఆవిడ చేత్తో పెట్టిందే. జోలికి వెళ్ళకు అని రాశాను. ఎందుకు వెళ్ళకూడదో రాయలేదు, నాదే తప్పు.

పసుపు బాగా కనపడుతుంది. మంచిదే.

మామయ్య


మార్చి 23

మామయ్యా,

నీ ఉత్తరం డిపోలో బండి పక్కన నిలబడి చదివాను. చదివి, వెళ్ళి ఆ థిన్నరు గుడ్డ కోసం టైరమ్మ చెత్తబుట్ట అంతా వెతికాను. ఎప్పుడో పోయింది. నన్ను కొట్టు, తిట్టు, ఏమైనా చెయ్యి, ఇలా మూడు ముక్కలు రాసి ఊరుకోకు.

నేను నీ దగ్గర ఒకటి దాచాను. దాచబట్టే ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు చెప్తాను.

ఫిబ్రవరి మొదటి వారంలో కారు కింద పడుకుని గొట్టాలు చూస్తుంటే, డ్రైవర్ సీటు వెనక కుడి వైపు, పంజరం కాలు నేలకి ఆనే చోట ఒక నట్టు తగిలింది. వేలితో తిప్పితే తిరిగింది. దాని పక్కదీ తిరిగింది. మూడోదీ అంతే. పైకి వచ్చి చూశాను. పైన మూడింటి మీదా ఎర్ర చుక్క నిండుగా, ఎక్కడా చీలకుండా ఉంది. అంటే తర్వాత వదులైనవి కావు, బిగించకుండానే చుక్క పెట్టినవి. మామయ్యా, నా వీపు వెనక ఉండే కాలు అది. బండి పల్టీ కొడితే మొదట ఊడేది అదే.

చుక్కలు నువ్వే పెట్టావనుకున్నాను. పదకొండేళ్ళ కిందటే నీకు మతిమరుపు మొదలైందేమో, మేమెవ్వరం చూసుకోలేదేమో అనుకున్నాను. పైగా కుళాయి. అందుకే ఆ పరీక్షలు, డాక్టరు, కింది గది. అమ్మకి బోల్టుల గురించి చెప్పలేదు, ఆవిడకి కారు సంగతే తెలీదు కదా. ఆవిడతో అన్నది కుళాయి సంగతే, మిగతా కూడబలుక్కోవడమంతా నాలో నేనే.

మిగిలిన ఇరవై ఒకటీ రాయిలా ఉన్నాయి. తుడిచింది వాటినే. ఆ మూడింటినీ ముట్టుకోలేదు. ఎవరో సగంలో వదిలేసిన పని మీద ఎందుకో తెలుసుకోకుండా చెయ్యి పెట్టకు అని నువ్వే రాశావు. అడగడానికి నోరు రాలేదు, బిగించడానికి చెయ్యి రాలేదు. అత్తయ్య పెట్టిన మూడు చుక్కలు అలాగే ఉన్నాయి.

అత్తయ్య అలా ఎందుకు చేస్తుంది మామయ్యా?

నీ
పిడుగు కాదు, పిరికిది


ఏప్రిల్ 2

అమ్మలూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపం మొదటిసారికే పోయింది. మిగతా మూడుసార్లు వేరే కారణానికి చదివాను.

పంజరం బిగించడం ఒక్కరి వల్ల కాదు. బోల్టు పైనుంచి దిగుతుంది, నట్టు కింద పడుతుంది. నట్లన్నీ ముందే వేళ్ళతో ఎక్కించుకుని, తర్వాత ఒక్కోటీ గట్టిగా బిగించాలి. నేను కారు కింద పడుకునేవాణ్ణి. మీ అత్తయ్య లోపల కూర్చుని బోల్టు తల తిరగకుండా స్పానరుతో పట్టుకునేది. కింద ఉన్నవాడికి ఏది ఎన్నోదో తెలీదు. ఆవిడ రేకు మీద టకటకా కొట్టిన చోట నేను బిగించాలి. "అయింది" అనేవాణ్ణి. "నిజంగానా?" అనేది. ఇంకోసారి లాగి "నిజంగానే" అంటే అప్పుడు చుక్క పెట్టి అంకె చెప్పేది. ప్రతిదానికీ అదే వరస. "మొగుణ్ణి ఆ మాత్రం నమ్మవటే?" అంటే "అడిగితే నీకేం పోయింది?" అనేది.

ఆఖరి రోజు ఉన్నట్టుండి టకటకలు ఆగాయి. కాసేపటికి "ఇరవై నాలుగు. అయిపోయాయి, బయటికి రా" అంది. లెక్క ఎప్పుడూ ఆవిడదే, నేను మళ్ళీ ఎంచలేదు. వచ్చేశాను. ఆ రోజు ఇంటికెళ్ళి పడుకుంది. మూడో రోజు ఆసుపత్రి. నొప్పి ఎప్పట్నుంచి అని డాక్టరు అడిగితే "నిన్నట్నుంచే" అంది. పదకొండేళ్ళు నేనూ అదే నమ్మాను.

ఆ వెనక కాలి దగ్గర స్పానరు పట్టి ఆపాలంటే ఒళ్ళంతా మెలితిప్పి బలం పెట్టాలి. అప్పటికే ఆవిడ వల్ల కాలేదు. చెయ్యి చాపి చుక్క మటుకు పెట్టగలిగింది. నొప్పి అంటే నేను పని ఆపేస్తాను, పందెం పోతుందని నోరు మెదపలేదు. రేపో ఎల్లుండో ఆ మూడూ చూసుకోవచ్చులే అనుకుని ఉంటుంది. నేను ఆవిడకి రెండడుగుల కింద పడుకుని ఈల వేసుకుంటున్నాను తల్లీ. మొహం చూడలేదు.

ఆవిడ పని వదిలేసే మనిషి కాదు. ఆసుపత్రిలో ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని "ఆ వెనక మూడూ చూడు" అంది. మంచం వెనక మూడు కిటికీలు ఉండేవి. వెళ్ళి మూడూ మూసొచ్చాను. "చూశాను, వేసేశాను, ఇక చలిగాలి రాదు" అన్నాను. నన్ను చూసి నవ్వింది. అంతసేపు ఎందుకు నవ్వుతోందో అడగలేదు. మర్నాటి నుంచి మాట లేదు.

పెళ్ళాం నొప్పి ఇన్నేళ్ళకి ఉత్తరంలో చదివి తెలుసుకున్న మొగుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పంజరం ఆవిడ పెట్టిన షరతు. వదులుగా ఉంటే ఆవిడ ఊరుకోదు, నేనూ ఊరుకోను. టైరమ్మని కూర్చోబెట్టుకుని ఆ మూడూ బిగించెయ్. పసుపు చుక్కే పెట్టు. నువ్వు ఎక్కాల్సిన బండి, నా దిగులు నేను పడతాను.

మామయ్య


ఏప్రిల్ 9

మామయ్యా,

బిగించను.

నువ్వు రా. నీ మోకాళ్ళతో కారు కిందికి దూరలేవని నాకు తెలుసు. కింద నేను పడుకుంటాను. నువ్వు అత్తయ్య కూర్చున్న చోట కూర్చుని బోల్టు తల పట్టుకో. నువ్వు రాకపోతే ఆ మూడూ అలాగే ఉంటాయి, తనిఖీలో బండి ఆపేస్తారు, నేను పందేనికి వెళ్ళను. ఇది బెదిరింపే. నీ మేనకోడల్ని కదా.

అమ్మకి తెలిసిపోయింది. కుట్టిన బట్ట ఒక్కటైనా చూపించవే అని పట్టుబడితే నీళ్ళు నమిలాను. అప్పుడు తాపీగా చెప్పింది, లారీ వచ్చిన రోజే తెలుసట. టైరమ్మా అమ్మా ఒకే చోట కూరగాయలు కొంటారట! "ఎప్పుడు చెప్తావో చూద్దామని ఊరుకున్నాను" అంది. మూడు నెలల నా నాటకమంతా బూడిదలో పోసిన పన్నీరు. నీ గురించి చెప్తే ఏమందో తెలుసా? "వాణ్ణి కూడా రమ్మను. ఇద్దరూ ఒకచోట ఉంటే ఒకేసారి తిట్టొచ్చు." తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చి నీకు దుప్పటి తీసి పెట్టింది.

కింది గది రెండు రోజులకే. ఒట్టు. తర్వాత నీ కుర్చీ, నీ కిటికీ, నీ టైలరు నీవే.

ఇరవై నాలుగో తేదీ బస్సు. టికెట్టు ఇందులో పెట్టాను.

మొండిఘటం


ఏప్రిల్ 29

మామయ్యకి,

ట్రాక్ దగ్గర చెప్దామంటే అంత మోతలో నీకు వినపడదు. ఇంటికొచ్చాక చెప్దామంటే అమ్మ ఇద్దర్నీ తిట్టే కార్యక్రమం పెట్టుకుంది. అందుకని నువ్వు బస్సెక్కాక రాస్తున్నాను.

నువ్వు టీ కోసం వెళ్ళినప్పుడు తనిఖీ ఆయన వచ్చాడు. పంజరం చుట్టూ టార్చి వేసి చూసి, "ఇరవై ఒకటి పసుపు, ఈ మూడు ఎరుపు ఎందుకు?" అన్నాడు. "అవి వేరేవాళ్ళు చూశారండీ" అన్నాను. "వాళ్ళు గట్టివాళ్ళేనా?" అన్నాడు. "చాలా" అన్నాను. రెంచి వేసి మూడూ లాగి చూసుకుని సంతకం పెట్టాడు.

పంతొమ్మిది మందిలో పదిహేడోదాన్ని. మిగిలిన ఇద్దరిలో ఒకడి బండి స్టార్టే కాలేదు. నువ్వు అందరి దగ్గరా "పదిహేడు, పదిహేడు" అని కప్పు గెలిచినట్టు చెప్పుకుంటుంటే నాకు సిగ్గేసింది.

మొదటి చుట్టు, రెండో చుట్టు అలవాటు కొద్దీ అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాను. వెనక మంచం లేదు, సెలైన్ సీసా లేదు, ఎవరి చెయ్యీ వేలాడటం లేదు. ఖాళీ. మూడో చుట్టులో చూడ్డం మానేశాను. వంపు దాటి కాలు పూర్తిగా నొక్కేశాను. దొరసాని అరిచింది, నేనూ అరిచాను. ఏడ్చాను కూడా, హెల్మెట్ ఉండబట్టి బతికిపోయాను. తొమ్మిదేళ్ళలో నేను సమయానికి చేర్చలేకపోయిన వాళ్ళు కొందరున్నారు. ఆ మూడు నిమిషాలు వాళ్ళెవరూ నా వెనక లేరు. నా వీపు వెనక ఉన్నది అత్తయ్య బిగువు ఒక్కటే.

నిన్న మళ్ళీ డ్యూటీకి వెళ్ళాను. బాగానే నడిపాను.

నీ పదిహేడో నంబరు


మే 7

పదిహేడో నంబరుకి,

క్షేమంగా చేరాను. టైలరు నా కుళాయికి ఒక గంట కట్టాడు. నీళ్ళ తొట్టి నిండితే కర్ర లేచి గంట మోగుతుంది. ఆయన గదిలో మోగుతుందనుకో, నాకెలాగూ వినపడదు కదా. మీ అమ్మ తిట్లు మటుకు ఒక్కటీ పొల్లుపోకుండా వినపడ్డాయి, అదేం చిత్రమో. చెవుల డాక్టరు దగ్గరికి వచ్చే నెల వెళ్తాను. నువ్వు అడిగావని కాదు, నాకే బుద్ధి పుట్టింది.

నువ్వు కింద పడుకుని ఉన్నావు కాబట్టి నీకు కనపడనిది ఒకటి చెప్తాను. ఆ రోజు లోపల కూర్చుంటే, తలుపు సందులోంచి కింద ఉన్న మనిషి బూట్లు మాత్రమే కనపడతాయి. రెండేళ్ళ ఆదివారాలు ఆవిడ చూసింది నా బూట్లనే అన్నమాట! ఒక్కసారైనా బాగున్నవి తొడుక్కుని రావాల్సింది.

నేను టకటకా కొట్టాను. నువ్వు బిగించావు. "అయింది మామయ్యా" అన్నావు, నాకు స్పష్టంగా వినపడింది. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు, నా నోట్లోంచి "నిజంగానా?" అని వచ్చేసింది. నువ్వు ఇంకోసారి లాగి "నిజంగానే" అన్నావు. మూడింటికీ అంతే. బోల్టు తల ఆవగింజంత తిరిగినా ఆవిడ చుక్క చీలిపోతుందని ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను.

జేబులో మీ అత్తయ్య గోళ్ళ రంగు సీసా తెచ్చాను, నీకు చెప్పలేదు. ఎండిపోతే కాస్త థిన్నరు పోసి కలిపి ఉంచాను. మూత కూడా తియ్యలేదు. అవసరం రాలేదు. మూడు చుక్కలూ ఎక్కడా చీలకుండా ఆవిడ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆవిడ అబద్ధం ఆడలేదే అమ్మలూ. కాస్త ముందుగా పెట్టింది, అంతే.

కొత్త బూట్ల
మామయ్య